అరవై ఒకటో లైను

స్టోరు గదిలో ఆమె బల్ల సొరుగులో ముప్ఫై ఒక్క చీటీలు ఉన్నాయి. అన్నీ ఒకే చేతిరాత, అన్నింట్లో ఒకటే మాట: "నాలుగో సర్వర్ నుంచి తీసిన రెండు డిస్కులు, కాలిపోయినవి, ఇంకా ధ్వంసం చేయలేదు. వెంటనే చేయించి సంతకం పంపగలరు." కింద పెద్దసారు సంతకం.

ప్రతి చీటీకీ ఆమె జవాబు రాసింది. "డ్రిల్లింగ్ మిషన్ రిపేరులో ఉంది."

డిస్కులకి బెజ్జాలు కొట్టి పాడుచేసే ఆ మిషన్ ఆరేళ్ళుగా రిపేరులోనే ఉంది. దాని ప్లగ్గులోంచి ఫ్యూజు తీసి తన హ్యాండ్‌బ్యాగు చిన్న జేబులో వేసుకున్నది ఆమే.

అది బస్సుల సంస్థ. ఎనిమిది వందల నలభై బస్సులు, పదకొండు డిపోలు. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలి, ఏ దారిన పోవాలి, ఎన్నింటికి కదలాలి అన్నది ఆఫీసు రెండో అంతస్తులో మెషిన్ రూములోని ఆరు సర్వర్లు తేలుస్తాయి. ఆరూ ఒక జట్టు. వాళ్ళ భాషలో క్లస్టర్. ఒకటి పడిపోతే దాని పని మిగతా అయిదూ పంచుకుంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అన్నింటినీ ఒకేసారి ఆపరు. ఒక సర్వర్ మీది పనిని మిగతావాటికి తరలిస్తారు, దాన్ని జట్టులోంచి తీస్తారు, తుడిచేసి కొత్తది ఎక్కిస్తారు, తిరిగి జట్టులో కలుపుతారు. తర్వాత ఇంకోటి. బస్సులు మాత్రం ఆగవు.

ఆగకూడదు. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం ఆగాయి.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ప్లాను కాగితంలోని లైను పైకి చదువుతారు, ఒకరు కీబోర్డు కొడతారు. చదివేవాళ్ళు స్క్రీనుకి వీపు పెట్టి కూర్చోవాలి. కళ్ళు స్క్రీను మీదకి పోతే కాగితంలో ఉన్నది కాక మనసులో ఉన్నది చదువుతారని ఎవరో ఎప్పుడో పెట్టిన పద్ధతి. ఆ ఆదివారం చదివింది ఆమె. కొట్టింది పెద్దసారు. అప్పటికింకా ఆయన పెద్దసారు కాదు, ఆమెకి పైవాడు, అంతే. పొద్దున్నే ప్లాను పేజీలన్నింటి మీదా ఇద్దరూ ముందే సంతకాలు పెట్టేశారు. అదీ అక్కడి అలవాటే. పని మధ్యలో పెన్ను పట్టుకుంటే ఆలస్యమని.

నాలుగో సర్వర్ దగ్గర, ఇరవై తొమ్మిదో లైను: "ఈ సర్వర్ మీది పనిని మిగతావాటికి తరలించు. పూర్తయ్యేదాకా ఆగు." ఆమె చదివింది. "అయిందా సార్?" అనడిగింది. కాసేపటికి "ఆఁ, అయింది, తర్వాతది" అన్నాడు. పది నిమిషాల్లో నాలుగో సర్వర్ పడిపోయింది. మధ్యాహ్నం షిఫ్టు డ్యూటీ చార్టులు సగం ఉన్నాయి, సగం లేవు. మూడు వందల పన్నెండు బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, ఏడు గంటలు. కొత్త వెర్షన్ ఎక్కినవాటిని కూడా మళ్ళీ పాతదానికే తిప్పారు.

విచారణలో ఆయన ఒకటే మాట మీద నిలబడ్డాడు. "ఆమె ఆ లైను చదవలేదు. చదవనిది నేనెలా కొడతాను?" నాలుగో సర్వర్‌లోనే ఉండే రికార్డు, అంటే ఏ నిమిషానికి ఎవరు ఏం కొట్టారో అది రాసుకునే చిట్టా, చూపించమన్నారు. రెండు డిస్కులూ కాలిపోయాయన్నాడు. మిగిలింది ఆమె సంతకం ఒక్కటే. పని జరక్కముందే పెట్టిన సంతకం. విచారణాధికారి దాన్ని వేలితో చూపించి, "ఇది మీదేనా?" అనడిగాడు. "నాదే" అంది. అంతటితో అయిపోయింది.

మెషిన్ రూము తలుపు తెరిచే కార్డు లాక్కుని, ఆమెను కింద స్టోరుకి పంపారు. కేబుళ్ళు, పాత కీబోర్డులు, చెడిపోయిన బ్యాటరీలు రాసిపెట్టే పని. నలుగురూ స్టోరమ్మ అనడం మొదలుపెట్టారు. ఆయన పెద్దసారయ్యాడు.

ఆమెను ఆ గదికి పంపించింది ఆయనే. ఆ డిస్కుల్ని, "కాలిపోయినవి, ధ్వంసం చేయాలి" అని అట్ట కట్టి, ఆ గదికే పంపించింది కూడా ఆయనే. రెండూ ఒకే వారంలో చేశాడు. రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

ఆమె వెళ్ళిన మూడో రోజున అట్ట మీది నంబర్లు చూసింది. డిస్కుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కాలిన వాసన లేదు. పరీక్షించమని అర్జీ పెట్టింది. అర్జీ తిరిగి తిరిగి మెషిన్ రూముకే చేరింది. "కాలిపోయిన డిస్కులకు పరీక్ష అనవసరం" అని జవాబు. కింద అదే సంతకం. ఆ రోజు ఆమె ఫ్యూజు పీకింది. డిస్కుల్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ధ్వంసానికి స్టోరు సంతకం కూడా కావాలి కాబట్టి ఆయన చీటీలు రాయగలడు తప్ప బీరువా తెరవలేడు. గట్టిగా గొడవ చేస్తే ఎందుకంత తొందరని ఎవరైనా అడుగుతారు.

ఆరేళ్ళు అలా ఇద్దరూ పళ్ళు నూరుకుంటూ కాగితాల మీద మర్యాద నడిపించారు.

*

మొన్న నెల మొదట్లో పెద్దసారు స్టోరు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"ఏమ్మా, బాగున్నావా?"

"మీ దయ సార్."

కూర్చోమని ఆమె అనలేదు. ఆయనే బ్యాటరీల పెట్టె మీద కూర్చున్నాడు.

"పాత గొడవలు మనసులో పెట్టుకోకు. మన సర్వర్ల మీదున్న వెర్షన్‌కి ఈ నెలాఖరుతో మరమ్మతులు ఆపేస్తున్నారు కంపెనీవాళ్ళు. ఆరింటికీ కొత్తది ఎక్కించాలి. మనవాళ్ళలో పాతది తెలిసినవాళ్ళు లేరు. నువ్వూ నేనూ మిగిలాం."

"నాకు పైకి వచ్చే కార్డు లేదు కదా సార్."

"ఒక్కరోజుకి ఇప్పిస్తాను."

"ఒక్కరోజుకా?" అంది ఆమె. "సరే సార్. కానీ కీబోర్డు నేను కొడతాను. మీరు చదవాలి."

ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. ఈసారి ఏదైనా తేడా వస్తే తప్పు వేళ్ళదవుతుంది, నోటిది కాదు. "అలాగే కానియ్" అన్నాడు. లేచి వెళ్తూ బీరువా వైపు చూశాడు. "ఆ డిస్కులు..."

"మిషన్ రిపేరులో ఉంది సార్."

"ఈ పని కానియ్, కొత్త మిషన్ కొనిపిస్తాను."

"అయ్యాక కొందురుగాని సార్."

ఆయన వెళ్ళాక ఆమె బీరువా తెరిచి అట్టల మీది దుమ్ము తుడిచింది. ఆ డిస్కుల్ని చదవాలంటే అవి ఏ రకం సర్వర్ పెట్టెలోంచి వచ్చాయో ఆ రకం పెట్టె కావాలి, దాని మీద కొత్త వెర్షన్ ఎక్కి ఉండకూడదు. అలాంటివి లోకంలో ఎన్ని ఉన్నాయో ఆమెకు తెలియదు గానీ ఈ భవనంలో ఆరు ఉన్నాయి. కొత్త వెర్షన్ ఎక్కిస్తే పెట్టె చిప్పులోని మూల ప్రోగ్రాము కూడా మారిపోతుంది, అప్పుడు వాటిని దూర్చితే ఖాళీ డిస్కులంటుంది. ఆరో సర్వర్ తుడిచిన నిమిషం నుంచి ఆ డిస్కులు ఇనప ముక్కలు. ఆ సంగతి పెద్దసారుకీ తెలుసు. అందుకే ఆరేళ్ళకి గుమ్మం దాటి వచ్చాడు.

*

సాయంత్రం ఇంట్లో చెప్పింది. మొగుడు ఆ సంస్థలోనే డ్రైవరు. చొక్కా గుండీలు విప్పుకుంటూ విన్నాడు.

"వదిలెయ్యరాదూ? ఆరేళ్ళయింది. స్టోరులో ఏముంది, హాయిగా ఐదింటికి ఇంటికొస్తున్నావు."

అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా బయటికి వచ్చింది. ఆవిడ కోర్టులో ముప్ఫై రెండేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి.

"నువ్వు నోర్ముయ్యరా. నీ బస్సుకి ఎవడో గీత పెడితే ఆర్నెల్లు వాడి ఊసు తప్ప ఇంకోటి ఎత్తలేదు. దీని బతుకు మీద గీత పెట్టాడు వాడు."

"నేనేమన్నానమ్మా ఇప్పుడు?"

"ఏమీ అనకు. అన్నం తిను." కోడలివైపు తిరిగింది. "అమ్మాయ్, విను. కోర్టులో అరిచినవాళ్ళని చాలామందిని చూశాను. జడ్జి వాళ్ళ మొహం కూడా చూడడు. నువ్వు నోరు తెరవకు. ఏం చదివించినా వాడి నోటితోనే చదివించు. నలుగురి ముందు చదివించు."

"ఆ రోజుకి సాక్షిగా డిపో మేనేజర్ కూర్చుంటాడు అత్తయ్యా. కొత్త రూలు. ఆయనకి నేనంటే ఒళ్ళు మంట."

"మంట ఉన్నవాడే కావాలి."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళబోయి ఆగింది. "ఒక్క మాట. ఆ రోజు నువ్వు ఆ లైను చదివావు కదూ?"

ఆరేళ్ళుగా ఎవరడిగినా ఆమె "చదివాను" అంటూ వచ్చింది. విచారణలో అంది, ఇంట్లో అంది, అర్జీలో రాసింది. ఇప్పుడు వెంటనే రాలేదు.

"చదివాననే అనుకుంటున్నాను అత్తయ్యా. స్క్రీనుకి వీపు పెట్టి కూర్చున్నాను. వరసగా లైన్లు చదువుతూనే ఉన్నాను. ఆయన అన్ని సార్లు అన్నాక... ఒక్కోసారి ఆ లైను చదివినట్టే గుర్తుంటుంది, ఒక్కోసారి పేజీ తిప్పేసినట్టు."

మొగుడు ముద్ద ఆపి చూశాడు.

"అయితే అదీ తేలిపోతుంది" అంది అత్తగారు. "చదవలేదని తేలిందనుకో?"

"ఫ్యూజు తిరిగి పెట్టేస్తాను. నా చేత్తో నేనే ఆ డిస్కులకి బెజ్జాలు కొడతాను."

*

ప్లాను కాగితం పని మొదలయ్యే ముందు అన్ని విభాగాలూ తిరిగి రావాలి. ఏ విభాగమైనా తన లైను కలపొచ్చు. కరెంటువాళ్ళు బ్యాటరీలు చూసుకోవాలని ఒక లైను కలిపారు. ఏసీవాళ్ళు ఒకటి కలిపారు. స్టోరుకి వచ్చేసరికి "కలిపేదేమీ లేదు" అని రాసి పంపడం రివాజు. ఈసారి ఆమె కలిపింది. అదే అక్షరాల సైజు, అదే వరస. ఏడో పేజీలో అరవై తర్వాత.

కాగితం డిపో మేనేజర్ బల్ల మీదుగా, కరెంటు ఇంజనీరు బల్ల మీదుగా మళ్ళీ పెద్దసారు బల్ల మీదకి చేరింది. రెండు రోజులు అక్కడే ఉంది.

ఆ రెండు రోజులూ ఆమె స్టోరులో ఫోను వైపే చూస్తూ కూర్చుంది. ఫోను మోగలేదు.

*

పని బుధవారం పెట్టుకున్నారు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఆ వేళకి బస్సులన్నీ రోడ్ల మీద ఉంటాయి, చార్టులతో పెద్దగా అవసరం పడదు. నాలుగింటికి మాత్రం సాయంత్రం షిఫ్టు చార్టులు పదకొండు డిపోలకీ పోవాలి.

మెషిన్ రూములో చలి ఆమె మర్చిపోయింది. ఆరు సర్వర్లూ ఒకే ఇనప చట్రంలో ఒకదాని మీద ఒకటి. ఎదురుగా బల్ల, వీపులు ఆనుకునేలా రెండు కుర్చీలు. తలుపు పక్కన ప్రింటరు, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో డిపో మేనేజర్. ఆ ఆదివారం జనం విసిరితే డిపో కిటికీలోంచి వచ్చిన రాయి ఆయన కళ్ళజోడు పగలగొట్టి కనుబొమ్మ మీద మచ్చ మిగిల్చింది. ఆమెను చూసి గోడ గడియారం వైపు తల తిప్పుకున్నాడు.

"ఈవిడేనా కొట్టేది?" అని పెద్దసారునడిగాడు. "ఇవాళైనా బస్సులు కదులుతాయా, లేక హెల్మెట్ తెచ్చుకోనా?"

"నేనున్నానుగా" అన్నాడు పెద్దసారు.

ఆమె సంచీలోంచి రెండు డిస్కులు తీసి బల్ల కింద పెట్టింది. స్టోరు నుంచి మామూలుగా వచ్చే సామాను అట్టపెట్టెలోనే.

పెద్దసారు టీ కప్పు ఒక చేత్తో పట్టుకుని, ప్లాను తొమ్మిది పేజీల మీదా సంతకాలు పెట్టాడు. పేజీ తిప్పడం, సంతకం. పేజీ తిప్పడం, సంతకం. నలభై సెకన్లు పట్టింది. ఏడో పేజీ మీద ఒక టీ చుక్క పడితే చొక్కా చేతితో అద్దాడు. చదవలేదు.

"నువ్వూ పెట్టెయ్యమ్మా."

"అయిన లైనుకి అయినప్పుడు పెడతాను సార్. ముందే ఒకసారి పెట్టి చూశాను కదా."

డిపో మేనేజర్ గొంతులో ఏదో శబ్దం చేశాడు. నవ్వో, దగ్గో.

పదింటికి మొదలుపెట్టారు. ఆయన చదివాడు, ఆమె కొట్టింది. తరలింపు పూర్తయ్యేదాకా ఆమె ఆగింది, నూటికి నూరు అని స్క్రీను చెప్పాకే "అయింది సార్" అంది. ఒకసారి తొంభై ఎనిమిది దగ్గర నాలుగు నిమిషాలు నిలబడింది. పెద్దసారు వీపు వెనకనుంచి, "అయిపోయినట్టేగా, కానియ్" అన్నాడు.

"కాలేదు సార్."

"రెండు శాతానికి ఏమవుతుంది?"

"ఏమవుతుందో మీకే బాగా తెలియాలి సార్."

తర్వాత ఆయన తొందరపెట్టలేదు. ఒకటో సర్వర్ పదీ యాభైకి జట్టులో తిరిగి కలిసింది. మధ్యాహ్నం భోజనం డబ్బాలు అక్కడే విప్పుకున్నారు. ఒకళ్ళ డబ్బాలోకి ఒకళ్ళు చూడలేదు. రెండూ పదికి అయిదో సర్వర్ అయిపోయింది. రెండూ ఇరవై అయిదుకి ఆరోదాని పని తరలించి, జట్టులోంచి తీసి, నెట్‌వర్కు కేబులు ఊడదీసింది. భవనంలో పాత వెర్షనున్న పెట్టె ఇక అదొక్కటే.

"అరవై" అన్నాడు పెద్దసారు. "కేబులు తీసినట్టు నిర్ధారించు."

"తీశాను సార్." సంతకం పెట్టింది.

"అరవై ఒకటి." కాగితం చప్పుడు ఆగింది.

ఆమె వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. వెనకనుంచి ఆయన ఊపిరి వినిపించింది.

"అరవై ఒకటి మనకి వర్తించదు. అరవై రెండు. డిస్కులు తుడిచి..."

"నేను వరసగా చదివిందే కొడతాను సార్. అది మీరు నేర్పిందే. చదవనిది ఎలా కొడతానని విచారణలో అన్నారు కదా."

"చెత్త లైను. ఎవరో పొరపాటున..."

"ఏముంది అందులో?" అన్నాడు డిపో మేనేజర్.

"ఏం లేదండీ. స్టోరువాళ్ళ తంతు."

"స్టోరువాళ్ళదైతే చదవడానికేం? మీ సంతకం ఉందిగా దాని కింద. టీ మరక కూడా ఉంది, ఇక్కడికే కనపడుతోంది."

పెద్దసారు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. చివరికి చదివాడు. "ఆరో సర్వర్ తుడిచే ముందు, స్టోరులో ఉన్న నాలుగో సర్వర్ పాత డిస్కులు రెండూ దీనిలో పెట్టి పరీక్షించాలి. లోపలి రికార్డు ప్రింటు తీసి, చదివి, ఈ ప్లానుకి అంటించాలి. ఆ తర్వాతే ధ్వంసం."

డిపో మేనేజర్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఇది ఏ నాలుగో సర్వర్?" అన్నాడు డిపో మేనేజర్. చెయ్యి కనుబొమ్మ మీదకి పోయింది.

"అదే సార్" అంది ఆమె.

"టైము లేదు" అన్నాడు పెద్దసారు. లేచి నిలబడ్డాడు. "నాలుగింటికి చార్టులు పోవాలి. మళ్ళీ బస్సులు ఆపుతావా?"

"మూడూ అయిదులోపు అరవై రెండు మొదలుపెడితే నాలుగుకి ముందే అయిపోతుంది. ఇప్పుడు రెండూ ఇరవై ఎనిమిది. మూడూ అయిదుకి రాకపోతే నేనే వదిలేస్తాను. డిపో సారు గడియారం చూస్తుంటారు."

డిపో మేనేజర్ కుర్చీని గడియారం ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. "కానివ్వమ్మా" అన్నాడు. ఆ గదిలో ఆయన ఆమెను పిలిచిన మొదటి పిలుపు అది.

ఆరో సర్వర్ డిస్కులు బయటికి తీసింది. అట్ట మీద మొదటి నంబరున్న డిస్కు లోపలికి తోసింది. మీట నొక్కింది. డిస్కు తిరిగిన శబ్దం రాలేదు. ఎనిమిది నిమిషాలు చూసింది. నల్ల స్క్రీను, మూలన గీత ఒకటి కొట్టుకుంటోంది.

"చెప్పాను కదా, కాలిపోయిందని" అన్నాడు పెద్దసారు. ఆయన గొంతులోకి ప్రాణం వచ్చింది. "ఆరేళ్ళుగా చెబుతున్నాను."

ఆమె అది తీసేసి రెండోది పెట్టింది. తోస్తుంటే వేలు ఇనప అంచుకి తగిలి చీరుకుంది. పట్టించుకోలేదు. మీట నొక్కింది.

శబ్దం వచ్చింది. మొదట గరగర, తర్వాత సన్నగా, నిలకడగా. పదకొండు నిమిషాలకి స్క్రీను మీద పాత వెర్షన్ నీలం తెర లేచింది. రెండూ నలభై తొమ్మిది.

రికార్డు తెరవడానికి ఆమె నాలుగు మాటలు కొట్టింది. ఆ నాలుగు మాటలూ ఆరేళ్ళుగా స్టోరులో బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూనే ఉంది. లైన్లు వచ్చాయి. ఆ ఆదివారం తారీఖు దగ్గర ఆపింది. చదివింది. మళ్ళీ చదివింది.

పొద్దుట్నుంచి ముందుకి వంగి కూర్చున్న మనిషి, అప్పుడు వీపు కుర్చీకి ఆనించింది. ప్రింటు మీట నొక్కింది.

ప్రింటరు ఒక్క కాగితం వదిలింది. డిపో మేనేజర్ అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకర్థం కాదు ఇది."

"పెద్దసారుకివ్వండి" అంది ఆమె. "చదివే పని ఆయనది."

"నేను చదవను."

"చదవాలి" అన్నాడు డిపో మేనేజర్. కాగితం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, పక్కనే నిలబడ్డాడు. ఆయన పొట్టి మనిషి. కానీ కూర్చున్నవాడి పక్కన నిలబడ్డాడు.

పెద్దసారు చదివాడు. "తొమ్మిదీ ముప్ఫై ఒకటి. నాలుగో సర్వర్. పని తరలింపు మొదలు."

"ఇరవై తొమ్మిదో లైనది" అంది ఆమె. "నేను చదవకపోతే మీరు కొట్టేవారు కాదుగా సార్. తర్వాతది."

"తొమ్మిదీ ముప్ఫై ఎనిమిది. తరలింపు... రద్దు. పూర్తయినది నలభై ఒక్క శాతం."

"ఎవరు రద్దు చేశారో పక్కనే ఉంటుంది సార్."

ఆయన తన లాగిన్ పేరు తానే చదివాడు.

"తొమ్మిదీ ముప్ఫై తొమ్మిది. హెచ్చరిక. ఈ సర్వర్ మీద ఇంకా పని ఉంది, సగంలో ఆపితే పాడవుతుంది. అయినా ఆపాలా? జవాబు..."

"జవాబు?"

"ఆపు."

"ఎన్నిసార్లు అడిగింది సార్ అది?"

"రెండుసార్లు."

డిపో మేనేజర్ కాగితం ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. "ఎందుకు?" అన్నాడు. "ఏమంత తొందరొచ్చింది?"

ఆమే చెప్పింది. "ఆ రోజు పదింటికి పై అధికారులు వచ్చి చూస్తామన్నారు. పదింటికల్లా ఆరూ అయిపోతాయని సారు వాళ్ళకి మాటిచ్చారు. తొమ్మిదిన్నరకి ఇంకా మూడు మిగిలున్నాయి. నేను వీపు పెట్టి కూర్చున్నాను. అయిందా అనడిగితే, అయిందన్నారు."

మూడూ మూడు. ఆమె పాత డిస్కు బయటికి తీసింది, అట్టపెట్టెలో పెట్టి డిపో మేనేజర్ కాళ్ళ దగ్గరికి జరిపింది. ఆరో సర్వర్ డిస్కులు తిరిగి దూర్చింది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది.

"అరవై రెండు చదవండి సార్."

*

కొత్త వెర్షన్ ఎక్కుతున్న ముప్పావు గంటలో పెద్దసారు రెండుసార్లు నోరు తెరిచాడు.

మొదటిసారి, "నాకు రిటైర్‌మెంటుకి పద్నాలుగు నెలలుందమ్మా. నిన్ను పైకి తెప్పిస్తాను. రేపే ఆర్డరు వేయిస్తాను. ఆ కాగితం ఒక్కటీ..." అన్నాడు.

"కాగితం డిపో సారు జేబులో ఉంది. ఆయన్నడగండి."

డిపో మేనేజర్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆరేళ్ళు ఈవిణ్ణి తిట్టాను" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"తెలుసు సార్. క్యాంటీను దాకా వినపడేది."

రెండోసారి, "నాకూ పిల్లలున్నారు" అన్నాడు.

ఆమె స్క్రీను వైపు నుంచి తల తిప్పలేదు. "ఆ రోజు మధ్యాహ్నం మీరు డిస్కులు పీకేటప్పుడూ ఉన్నారు సార్ వాళ్ళు."

మూడూ యాభైకి ఆఖరి లైను దగ్గరికి వచ్చారు. పెద్దసారు చదివాడు. "డెబ్భై. జట్టు మొత్తాన్ని కొత్త వెర్షన్ స్థాయికి పెంచు. ఇది చేశాక వెనక్కి వెళ్ళడం కుదరదు."

"సరిగ్గా వినపడలేదు సార్. ఇంకోసారి."

ఆయన ఇంకోసారి చదివాడు. ఆమె కొట్టింది. ఆరు సర్వర్లూ ఒకదాని తర్వాత ఒకటి అవునన్నాయి. మూడూ యాభై రెండుకి చార్టులు పదకొండు డిపోలకీ పోయాయి. తన మొగుడి చార్టు కూడా అందులో ఉంది. ఆమె ఏడో పేజీ మీద, టీ మరక పక్కన, అరవై ఒకటికి సంతకం పెట్టింది.

*

విచారణ మళ్ళీ తెరిచారు. ఇరవై మూడు రోజులు నడిచింది. ఇదివరకు వేలితో ఆమె సంతకం చూపించిన అధికారి ఈసారి ఏడో పేజీ పెద్దసారు ముందు పెట్టి, "ఇది మీదేనా?" అనడిగాడు.

ఆమెకి మెషిన్ రూము కార్డు తిరిగి ఇచ్చారు. గది మొత్తం ఆమె కిందకే వచ్చింది. పెద్దసారుని ఉద్యోగంలోంచి తీసేద్దామని కాగితం తయారైంది. సంతకానికి ముందు, నష్టపోయిన మనిషిగా ఆమె మాట అడిగారు.

"తీసెయ్యకండి సార్. పద్నాలుగు నెలలే ఉందన్నారు. స్టోరు ఖాళీగా ఉంది. అక్కడికి పంపించండి."

అధికారి ఆమెకేసి చూసి తల పంకించాడు. "మనసు మంచిదమ్మా నీది."

ఈ మాట ఇంట్లో చెబితే అత్తగారు పడీ పడీ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ కొడుకుని కేకేసింది. "విన్నావట్రా? నీ పెళ్ళాం మనసు మంచిదట!"

"నాకెప్పుడో తెలుసు" అన్నాడు డ్రైవరు. "అందుకే నేను గీతల సంగతి ఎత్తడం మానేశాను."

సోమవారం పొద్దున ఆమె స్టోరు తాళాలు ఆయనకి ఒప్పగించింది. కేబుళ్ళు, కీబోర్డులు, బ్యాటరీలు, ఒక్కోటి లెక్కపెట్టించి పుస్తకంలో సంతకం తీసుకుంది. ఆయన పెన్ను తీసి పేజీలన్నీ ఒకేసారి పెట్టబోయాడు.

"చూసిన దానికి చూసినప్పుడు పెట్టండి" అంది.

అప్పజెప్పేసరికి మధ్యాహ్నమైంది. చివర డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి వచ్చారు. ఆయన ప్లగ్గు గోడకి పెట్టి మీట నొక్కాడు. కదల్లేదు. ఆమెకేసి చూశాడు.

"రిపేరులో ఉంది" అంది. పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు మెషిన్ రూము నుంచి స్టోరుకి మొదటి చీటీ వచ్చింది. "డ్రిల్లింగ్ మిషన్ ఎందుకు పనిచేయడం లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు." కింద ఆమె సంతకం. సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఫ్యూజు లేదు." ఆమె దాన్ని కొత్త ఫైల్లో పెట్టి, పైన ఒకటి అని అంకె వేసింది. ఆ పద్నాలుగు నెలల్లో ఇంకా సుమారు నాలుగు వందల రోజులు మిగిలాయి. పదమూడు రోజులకొకటి చొప్పున పంపితే ముప్ఫై ఒకటికి సరిపోతుంది. క్యాలెండర్ తీసి తారీఖుల మీద సున్నాలు చుట్టింది.

ఇంటికి వచ్చి హ్యాండ్‌బ్యాగు మేకుకి తగిలించింది. అత్తగారు ఆ బ్యాగుకేసి ఒకసారి, ఆమెకేసి ఒకసారి చూసింది.

"చల్లబడ్డావా అమ్మాయ్?"

"ఒక్క చీటీయే కదా అత్తయ్యా అయింది" అంది ఆమె. "ఇంకా ముప్ఫై ఉన్నాయి."